కడుపులో బెడ్డలు

అడవివరం దాటి, అనాస తోటల అంచున
ముళ్ళాకులు పిక్కల్ని గీరుతుంటే
ఏడుగురం ఎక్కాం కొండ.
ఒకడు జాలరిపేట కుర్రాడు, బోటింజన్లు విప్పి బిగించేవాడు.
ఒకమ్మాయి ఇళ్ళకి ప్లాన్లు గీసే చదువులో మూడో ఏడు.
నేను హార్బర్లో ముప్పయ్యొక్క ఏళ్ళు
బస్తాలు లెక్కరాసి బయటికొచ్చినవాణ్ణి,
పెన్ను పెట్టిన కాయ తప్ప
చేతికి ఇంకో కాయ లేనివాణ్ణి.

జారిపోయిన గట్టు పక్కన
అడ్డపొగ పీలుస్తూ దాలమ్మ,
నిప్పు నోట్లో, మాట చేతిలో.
చుట్ట తీసి అడిగింది:
"సిమెంటు గానీ తెచ్చినారేటి?"
లేదన్నాం.
"అయితే కూకోండి. రాళ్ళని సూడండి.
ముట్టుకోకండి."

పొద్దున్నంతా చూశాం.
గోరు తగిలితే పొడి రాలే రాయి,
దానిమ్మ గింజలు మింగినట్టు ఎర్రచుక్కల రాయి,
ఎటు తిప్పినా వీపే తప్ప మొహం లేని రాయి.
కుర్రాడు సిగ్నల్ కోసం ఫోను ఎత్తి ఎత్తి
చివరికి జేబులో పెట్టేశాడు.

చోడంబలి తాగాక మొదలైంది పాఠం.
"ఎత్తిన రాయిని కిందెట్టీకూడదు.
ఎత్తినోడే దానికి సోటు సూపించాల.
మొకం బయటికి, తోక లోనికి.
ఒకదాని కింద రెండు, రెండిటి మీద ఒకటి.
అతుకు మీద అతుకొచ్చిందా,
అది గోడ కాదు, సీర సింపు."

లెక్కపెట్టడం నా జబ్బు.
మొదటిరోజు నలభై మూడు, రెండోరోజు యాభై ఎనిమిది.
దాలమ్మ నవ్వింది: "అంకెలు రాయికి తెల్దు బాబూ."
వేళ్ళు నలిగాయి. బొటనవేలి గోరు నల్లబడింది.
ఆ అమ్మాయి గీతల పుస్తకం మానేసి
అరచేత్తో కొలవడం మొదలెట్టింది.

నాలుగోరోజు నా మూర గోడ
దారం పట్టినట్టు లేచింది.
అందరూ మెచ్చుకున్నారు.
దాలమ్మ వంగి, సందులోంచి వేలు పెట్టి
ఒక్క రాయి లాగింది.
మూరెడూ నా కాళ్ళ ముందు కుప్పకూలింది.

"మొకాలు బాగానే పేర్సినావు.
కడుపులో ఏటేసినావు?
మట్టి. మొదటి వానకి మట్టెల్లిపోద్ది,
ఎనకాలే నీ మొకాలూ ఎల్తాయి."

గొదాములో అట్టీలు గుర్తొచ్చాయి.
నాలుగు వైపులా బస్తాలు, మధ్యలో గాలి.
బయటి వరసలు లెక్కించి, హెచ్చవేసి
నిండుగా ఉందని సంతకం పెట్టిన రోజులు.
ఒకటి కాదు.
గాలి ఉందని నాకు తెలుసు.
ఎవరికీ చెప్పనిది
ఎందుకో ఆ పొగాకు వాసన ముందు చెప్పేశాను.

ఆమె సముద్రం కేసి చూసింది,
దూరంగా లంగరేసిన ఓడలు, గోళ్ళంత.
ఓదార్చలేదు, తిట్టలేదు.
బకెట్టు నా వైపు తోసింది:
"సరే, బెడ్డలేరుకురా. గుప్పెడంతవి.
గుమ్మరించీకు. ఒక్కోటీ సర్దు."

ఎవరికీ కనబడని రాళ్ళు సర్దడానికి
కనబడే రాళ్ళకి పట్టినదానికి రెట్టింపు రోజులు.
ఈసారి లెక్కపెట్టలేదు.
అంటే, మధ్యలో మరిచిపోయాను.

తొమ్మిదోరోజు రాత్రి కొండ మీద వాన,
రేకుల పాకలో ఏడుగురం నిద్రపోలేదు.
తెల్లారి బురదలో ఎక్కాం.
అమ్మాయి కట్టిన చోట కొంచెం పొట్ట వచ్చింది.
ఏడ్చింది, అంతలోనే మళ్ళీ విప్పడం మొదలెట్టింది.
నా మూరలో
ప్రతి సందులోంచీ నీళ్ళు జారుతున్నాయి,
మట్టి రంగు లేకుండా.

దాలమ్మ సందులోకి చెయ్యి దూర్చింది.
వేళ్ళు రెండు కణుపుల దాకా వెళ్ళి ఆగాయి.
ఇంకా తోసింది. వెళ్ళలేదు.
చెయ్యి తీసి, కొంగుకి తుడుచుకుని,
ఏమీ అనలేదు.
"అగ్గిపెట్టి తడవకుండా ఉన్నోలెవులు?" అంది.