ఇరవై రెండు నిమిషాల ఎడం

బొకాస్ దీవుల్లో, ఇంకా చుక్కలుండగానే
ఇసిల్డా పడవ తాడు విప్పుతుంది.
మూడోసారి లాగితేగానీ మోటారు అందుకోదు.
ముందు బల్ల మీద ఎలీసెర్,
పరిశోధన కోసం పనామా సిటీ నుంచి వచ్చిన కుర్రాడు,
మెడలో గడియారం, ఒళ్ళో ప్లాస్టిక్ పలక,
కూర్చునే కునుకుతున్నాడు.

పగడాల దిబ్బ మీద నడుం లోతు నీళ్లు.
టార్చి వేసి చూపించింది:
"నిన్న పచ్చగా ఉంది. రాత్రికి రాత్రి పాలిపోయింది చూడు.
దానికి రోజులు నిండాయి."

నాణేలు గుచ్చిన దండలాంటి నాచు.
ఒంట్లోని పచ్చదనమంతా బిళ్ళల అంచులకి తోసేసి
గుత్తులు గుత్తులుగా మోస్తోంది.
రేపటికని ఒక్క పిసరు
దాచుకోలేదు.

పక్కనే దాని చెల్లెలి వరస.
అదే రాయి, అదే ఆటుపోటు, అదే పాలిపోవడం.
కొత్తవాళ్ళకి రెండూ ఒకటే.
ఇసిల్డాకి బిళ్ళ వేలికి తగిలితే చాలు,
ఇది పెద్దది, ఇది చిన్నది.

ఐదూ యాభై రెండు.
పెద్దదాంట్లో మగమొక్క ముందు పొగ వదిలింది,
పచ్చటి పొగ.
కాసేపాగి ఆడమొక్క.
కంటికానని తోకలాడిస్తూ లక్షల ప్రాణాలు
ఉన్న ఆ కాస్త ఆయుష్షులో జతని వెతుక్కుంటున్నాయి.
పొగ చిన్నదాని ఒళ్ళంతా కమ్మేసింది.
అది ఉలకలేదు.
తన పేరు పెట్టి పిలవని పిలుపు అది.

ఆరూ పద్నాలుగు.
నీళ్లు తేటపడ్డాక
ఇప్పుడు చిన్నది.

"ఎందుకంటావు, ఈ ఎడం?"
నోట్లోంచి గొట్టం తీసి అడిగాడు ఎలీసెర్.

ఇసిల్డా వెంటనే పలకలేదు.
ఈపాటికి వెర్నా రొట్టెల బట్టీ నుంచి వచ్చి ఉంటుంది.
జుట్టునిండా పిండితో,
అక్క లేచిన పక్కలో, ఆ నొక్కులోనే ఒదిగి పడుకుని ఉంటుంది.
పదకొండేళ్లుగా ఒకటే మంచం, చిరిగిన చోట
ఇద్దరూ చెరో దారంతో కుట్టిన ఒకటే దోమతెర.
ఆడుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
పోట్లాటలు, ఇంకా తక్కువ.

"ఒక చోట బతకాలంటే..." అని మొదలుపెట్టి,
"ఎండెక్కుతోంది, పడవెక్కు" అంది.

మధ్యాహ్నానికి రెండూ సున్నపు బొమ్మలు.
చేప తోక విసిరితే రాలిపోతాయి.
రాలి, నలిగి, ఒడ్డుకొస్తాయి.
ఇక్కడి తెల్లటి ఇసుకలో ఎంత భాగం
ఒకప్పటి తల్లులో ఎవరు తూచారు?

కాళ్ళకంటి ఆ ఇసుక ఇంట్లోకీ వస్తుంది.
వెళ్లేముందు ఇసిల్డా ఊడుస్తుంది.
వచ్చాక వెర్నా.
తలుపు వెనక చీపురు కట్ట
ఎప్పుడు ముట్టుకున్నా వెచ్చగానే ఉంటుంది.