రెక్క ఖరీదు

జనవరి ఆఖరి రోజు. మిడిల్స్‌బ్రోలో
నాలుగున్నరకే చీకటి.
క్లబ్బు షాపు వెనక గదిలో
నేనూ, నార్మన్ ఫెన్విక్కూ, వేడెక్కిన ప్రెస్సూ.
"అరవై చొక్కాలు కొట్టి పెట్టండి, కుర్రాడు వచ్చేస్తున్నాడు"
అని పైనుంచి కబురు.

ఓయెలారన్.
ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు, అందులో రెండు ఏలు.
కింద పదకొండు.
సంతకం లేదు, డాక్టరు చూసింది లేదు,
వీపు మీద పేరు మాత్రం సిద్ధం.
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను.
నార్మన్‌కి విప్పి చెప్పడానికి పావుగంట పట్టింది.
అర్థమయ్యాక అడిగాడు:
"సోమలింగం ఏ పొజిషన్‌లో ఆడతాడు?"

పొద్దున ముప్పై ఎనిమిది మిలియన్లన్నారు.
వాళ్ళ క్లబ్బు పెదవి విరిచింది.
మధ్యాహ్నం నలభై రెండు.
టీ వేళకి నలభై ఏడు.
నా బుర్ర ఇంకా కోట్లలోనే లెక్క కడుతుంది:
నాలుగు కోట్ల డెబ్భై లక్షల పౌన్లు,
పంతొమ్మిదేళ్ళ రెండు కాళ్ళకి.
వింగ్ అంటే రెక్కేగా.
రెక్కాడితేగానీ డొక్కాడదన్న మాట
మా ఇద్దరికీ వర్తిస్తుంది.
చొక్కాకి పదిహేను సెకన్లు ఈ పిడిని కిందికి లాగే
నా రెక్క, గంటకి పన్నెండు.
కుళ్ళు కాదు. ఊరికే అన్నాను.

అక్టోబర్‌లో చూశాను వాణ్ణి, ఎదుటి జట్టులో.
మేజోళ్ళు చీలమండల దాకా జారిపోయి,
సున్నపు గీత తొక్కకుండా దాని అంచునే
పాలు పొంగినట్టు వచ్చాడు.
మా కుడి బ్యాక్, ముప్పై నాలుగేళ్ళవాడు, పాపం,
అటు చూసేలోపు ఇటు, ఇటు చూసేలోపు గోలు.
అంతమంది ఒక్కసారి నోరు మూసుకున్న చప్పుడు
ఇంకా నా చెవిలో ఉంది.
వాడేమో, బంతులందించే పిల్లాడి కాలు తొక్కానని
సంబరం మధ్యలోంచి వెనక్కి వచ్చి సారీ చెప్పి వెళ్ళాడు.
అప్పట్నుంచీ మావాడైతే బాగుండునని నాకూ ఉంది.
ఎవరికీ చెప్పలేదు.

నలభై నాలుగో చొక్కా దగ్గర వై అక్షరాలు అయిపోయాయి.
నార్మన్ ఒక వి కింద ఐ ముక్క అతికించి చూశాడు,
తోక తెగిన గాలిపటంలా ఉంది.
పాత గోల్‌కీపర్ డబ్బాలో పదహారు దొరికాయి.
అరవయ్యో దానికి లేదు.
ఓ తర్వాత ఖాళీ వదిలి
మిగతావి పరిచి ఉంచాను.

గేటు దగ్గర జనం, చేతుల్లో పార్మో డబ్బాలు.
ఎవరో విమానాశ్రయంలో నల్ల కారు చూశారట.
ఎవరో, వాడి పిన్నికి యార్మ్‌లో ఇల్లు చూపించిన ఏజెంటు
బావమరిదితో మాట్లాడారట.
మూతపడ్డ ఉక్కు ఫ్యాక్టరీ పెద్దాయన ఒకడు
ఫోను చెవికి ఆనించుకుని
పురిటిగది బయట మనిషిలా పచార్లు.

గడువు పదకొండు.
పదింబావుకి యాభై ఒకటి పంపారు.
పదిన్నరకి నార్మన్ చొక్కాలు మడతపెట్టడం మొదలెట్టాడు.
ఆ తర్వాత కబురు లేదు,
మెట్ల మీద ఎవరివో బూట్లు, నెమ్మదిగా.

కుర్రాడు రానన్నాడట.
డబ్బు గురించి కాదట. మరెందుకో ఎవరూ చెప్పలేదు.
"వాళ్ళమ్మమ్మ వద్దందేమో," అన్నాడు నార్మన్.
నాకది నచ్చింది. అదే నిజమనుకున్నాను.

మర్నాడంతా హీట్ గన్ పట్టుకుని పేరు ఊడదీశాం.
అక్షరం ఊడుతుంది, జిగురు ఊడదు.
సగం ధర బుట్టలో పడేశారు.
శనివారం ముందుపళ్ళు రాలిన పిల్లొకతి వచ్చి
వీపు మీద నోరా అని కొట్టమంది.
అరవయ్యో దాని మీద పరిచినవాటిలోనే
నాలుగక్షరాలూ దొరికాయి.
"నువ్వెక్కడ ఆడతావు?"
"అన్నిచోట్లా."

నిన్న లింథార్ప్ రోడ్డులో వాన.
కోటు వేసుకోవడం నామోషీ అనుకునే ఊరు ఇది.
నా ముందు నడిచే ఆయన చొక్కా తడిసేకొద్దీ
వీపు మీద తేలింది,
ముందు ఓ,
తర్వాత వై.
పిలుద్దామనుకున్నాను.
బస్సొచ్చింది.