అద్దమా, కటకమా

మా చీమకుర్తి రాయికి
గెలాక్సీ అని పేరు పెట్టారు ఎవరో.
నల్ల పలకలో బంగారు నలుసులు.
పద్దెనిమిదేళ్లుగా దానికి పాలిష్ పడుతున్నాను.
తలెత్తితే మాత్రం
క్వారీ ఫ్లడ్‌లైట్లు, రాతిపొడి,
ఆ వెనకాల ఎక్కడో చుక్కలు.

మస్తాన్‌వలీ, నేనూ చెరి సగం వేసుకున్నాం.
చీటీ పాడితే వచ్చిన యాభై రెండు వేలు.
ఒంగోల్లో ఫొటో స్టూడియో వాడిది.
వాడికి కటకం కావాలి:
సన్నటి గొట్టం, ధ్రువుడి వైపు వాలిన ఇరుసు,
భూమి తిరిగినంత మెల్లగా తిప్పే మోటారు,
కన్ను పెట్టాల్సిన చోట కెమెరా.
మోటారుకే ముప్పాతిక డబ్బు పోతుంది.
నాకు అద్దం కావాలి.
ఎనిమిదంగుళాలది, కింద చెక్కపెట్టె,
చేత్తో తోస్తే తిరగాలి, అంతే.

"నీ అద్దంలో నెబ్యులా బూడిదరంగు," అన్నాడు.
"గంటలకొద్దీ వెలుగు పోగేస్తే గులాబీ తేలుతుంది.
కోసినప్పుడు నీ రాయి మాత్రం బూడిద కాదూ?
బిళ్ల మీద బిళ్ల మార్చి రుద్దితేనేగా
బంగారం బయటికొచ్చేది?"
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.

కాలేజీ ఫిజిక్స్ మేష్టారు
రెండు రకాలూ ఒక రాత్రికి అరువిచ్చారు.
మల్లవరం డ్యామ్ కట్ట మీద, పుష్యమాసపు చలిలో
వాడు ధ్రువుణ్ణి వెతుకుతూనే ఉన్నాడు.
మన వైపు ధ్రువుడు తాటిచెట్టెత్తు కూడా లేవడు,
మంచులో మునిగే ఉంటాడు.

వలలు కాసే మాలకొండయ్య బీడీ ఆర్పి వచ్చాడు.
పిల్లలకోడిని చూపించమన్నాడు.
ఒంటికన్ను మూసి, నోరు తెరిచి,
"ఏంది నాయనా, ఇన్ని పిల్లలా!
ఇన్నాళ్లూ యాడ దాచిందయ్యా ఈ కోడి?"
తర్వాత మస్తాన్ వైపు తిరిగి, "మరి నీ దాంట్లో?"
"ఇంకో రెండు గంటలాగు తాతా."
ఆయన వలల దగ్గరికి వెళ్లిపోయాడు.

"సరే, నీ అద్దమే కొను," అన్నాడు వాడు తెల్లారుజామున.
మర్నాడు ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది.
కోడి చుట్టూ నీలిపొగ.
అది నేను చూడలేదు, మాలకొండయ్యా చూడలేదు.
చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అద్దం వచ్చి ఆరు నెలలైంది.
బండి మీద తీసుకెళ్లిన ప్రతిసారీ
పక్కకి జరుగుతుంది, సరిచేసుకుంటాను.
ఊరి పొడి దాని మీదా పడింది.
తుడిస్తే గీతలు పడతాయి, అలా వదిలేయమన్నారు మేష్టారు.
పొద్దస్తమానం తుడిచే చేతులివి.
వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.
టార్చి వేస్తే
లోపల అద్దం నిండా నలుసులు, మెరుస్తూ.

మస్తాన్ అప్పటికే కెమెరా మూత తీశాడు.