శనివారం, చెత్తగేటు దగ్గర

ఏడింటికి గేటు తాళం తీస్తాను.
అప్పటికే ఆమె ట్రక్కు అక్కడుంటుంది,
అద్దం మీద మంచు కరిగేదాకా ఇంజను గొణుగుతూ.
ఒడీల్ సీర్. మా శాసనసభ్యురాలు.

మైన్ రాష్ట్రం పైకొసన ఊరు మాది, నది దాటితే కెనడా.
ఇక్కడ ఇంటింటికీ చెత్తబండి రాదు.
ఎవరిది వాళ్లే మోసుకొచ్చి
గాజు ఒక డబ్బాలో, అట్టలు ఇంకో డబ్బాలో వేసి పోవాలి.
డాక్టరైనా, ఫాదరైనా, ఊరంతా అప్పులున్నవాడైనా.
"చర్చికి రానివాళ్లున్నారు, లూడ్జర్,
చెత్త లేనివాళ్లు లేరు"
అంటుంది ఒడీల్, మడతకుర్చీ విప్పుతూ.

కార్డుబల్ల. ఫ్లాస్కు. మూతే కప్పు.
రాసుకోడానికి కొత్త కాగితం కొనదు,
బంగాళాదుంపల కంపెనీవాళ్లిచ్చిన నిరుటి కాలెండరు తిరగేసి
తేదీల వీపు మీద రాస్తుంది.
ఫిబ్రవరి వెనక: ఆల్ఫ్రెడా గేనియో, చలికాలపు ఆయిల్ సాయం,
రెండోసారి తిప్పికొట్టారు, పుట్టిన తేదీ తప్పట.
(ఆల్ఫ్రెడాకే తెలీదు తన పుట్టిన తేదీ.
తల్లి ఒకటి చెప్పేది, చర్చి పుస్తకం ఒకటి.)
మార్చి వెనక: వంతెన మలుపులో ఇనప రెయిలింగు.
ఏప్రిల్ వెనక ఒక్క మాట, ప్రసూతి వార్డు,
కింద మూడు గీతలు, మూడోది కాగితాన్ని చింపింది.

ఆసుపత్రిలో ఇక కాన్పులు చెయ్యమని
తలుపుకి కాగితం అంటించారు ఆ శీతాకాలం.
నొప్పులొస్తే ఇక యాభై మైళ్లు,
దుప్పులు రోడ్డు దాటే చీకట్లో.
ఒడీల్ బిల్లు రాసింది.
ఐదుగంటల దారి అగస్టాకి, మళ్లీ ఐదుగంటలు వెనక్కి,
ఒకసారి మంత్రసాని సెలెస్టిన్‌ని వెంటబెట్టుకుని,
ఒకసారి ఒక్కతే, మంచుతుపానులో.
రెండు ఓట్ల తేడాతో పోయింది.

ఆ శనివారం రాదనుకున్నాను.
వచ్చింది. కుర్చీ వేసింది.
బండి దిగిన ప్రతివాళ్లకీ, వాళ్లు అడక్కముందే,
"ఓడిపోయాను" అని చెప్పింది.
ఎవర్నీ తిట్టలేదు.
నాకది నచ్చలేదు. తిట్టాల్సింది.
ఆ రెండోవాడి పేరైనా చెప్పాల్సింది.

మిరేయ్ డ్యుమోండ్ సీసాల సంచి దించి నిలబడింది.
ఇంకా పొట్ట కనపడని మూడో నెల.
"మరి నా సంగతి?"
ఒడీల్ దగ్గర జవాబు లేదు.
అక్టోబరు దాకా పేజీలు తిప్పి
దాని వెనక ఆ పిల్ల ఫోను నంబరు రాసుకుంది.
చాలాసేపు ఆ అంకెలనే చూస్తూ కూచుంది.

వేసవిలో ఆ నంబరు కింద పేర్లు పెరిగాయి.
ఏ రాత్రి పిలిచినా బండి తీసేవాళ్లు, పదకొండుమంది.
ఎనిమిదో పేరు నాది.
నన్ను అడగలేదు.
అడిగితే వద్దంటానని ఆమెకి తెలుసు.

దుంపల కోతలు సగంలో ఉన్నాయి,
ఏడుగురికి పొలాల్లో అలసిన నిద్ర, ఫోను మోగినా లేవలేదు.
రెండుంపావుకి నాది మోగింది.
మిరేయ్ వెనక సీట్లో, మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని,
నేను నోరు మూసుకుని.
వంతెన మలుపులో చక్రాలు జారాయి.
హెడ్‌లైట్ల వెలుగులో కొత్త ఇనుము, తళుక్కున.
రెయిలింగు వేసింది ఎప్పుడో నేను గమనించనేలేదు.
ఆనుకుని, రాసుకుని, బయటపడ్డాం.
కుడివైపు తలుపుకి సొట్ట ఇంకా ఉంది.
ఆడపిల్ల. అరుపు వరండాలోకి వినపడింది.

ఒక మాట చెప్పాలి.
ఒడీల్‌కి నేను ఓటు వెయ్యలేదు. రెండుసార్లూ.
మా నాన్న పార్టీ వేరు, నాదీ అదే,
ఈ వయసులో మార్చుకోను.
అదీ ఆమెకి తెలుసు, ఈ ఊళ్లో తెలీనిదేముంది.

ఆ శనివారం గేటు తీశాను.
ట్రక్కు ఉంది. సొట్టకేసి చూసింది, ఏమీ అనలేదు.
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చి,
పెన్సిలు పట్టుకుని,
"నీ పేరు కొట్టెయ్యనా, లూడ్జర్?" అంది.

గాజు డబ్బా నిండిపోయిందని చెప్పి
అటు నడిచాను.