నూట పదకొండో సూది

ఫ్రిజ్ మాది కాదు.
జానీబేగం కిరాణంల పాలపాకెట్ల పక్కన
నా పేరు రాసిన అట్టడబ్బా ఉంటది.
త్రిపురారంల నలభై నాలుగు డిగ్రీలు.
"చల్లగుండాలె గని గడ్డకట్టొద్దు"
మందుల షాపాయన మూడుసార్లు జెప్పిండు.
రోజూ ఏడుగొట్టంగ పోత.
ఏం అడగకుంట ఒకటి తీసిస్తది.
ఇయ్యాల మాత్రం అడిగింది: ఎన్నోది?

నూట పదకొండు.

అత్తకు ఇప్పటికీ మింగుడు పడలే.
నెత్తురు చిక్కగుంటేనే మనిషి గట్టిగుంటదని
బీట్‌రూటు, దానిమ్మ, మేకకార్జం
తెచ్చి ముందట పెట్టిన మనిషి.
"పల్చగ జేస్తున్నరట, పాలల్ల నీళ్లు కలిపినట్టు"
వాకిట్ల ఎవరితోనో అంటుంటె ఇన్న.
నేనేం అనలే.
పోయినసారి ఐదో నెల్ల
మిర్యాలగూడ స్కానింగు గదిల
డాక్టరమ్మ తెరను తన దిక్కు తిప్పుకున్నప్పుడు
బయట బెంచీ మీద అత్త
దానిమ్మ గింజలు ఒలుస్తనే ఉన్నది.

కారణం తర్వాత దొరికింది.
మాయల నెత్తురు గడ్డకట్టిందట.
సైదులుకు కాయితం సమజుకాలే.
కాల్వ మీద లష్కరు పని ఆయనది.
ఇంటికొచ్చి చాలాసేపు గమ్మున కూసొని
"గుర్రపుడెక్క పట్టిన పిల్లకాల్వ లెక్కనా?" అన్నడు.
షట్టరు నిండా ఎత్తినా
చివరి మడికి చుక్క చేరదు.
అవు, అన్న.
ఆ రాత్రి ఆయన ఏడ్సిండు.
నేను నిద్రపోయిన.

మొదటి వారం నర్సు పొడిచింది, తర్వాత ఆయనే.
సూదిల గాలిబుడగ తియ్యొద్దట.
బొడ్డుకు రెండు వేళ్ల ఎడం,
తోలు చిటికెతో పట్టి మెల్లగ ఒత్తుకుంట
పది లెక్కపెట్టాలె. రుద్దొద్దు.
ఒకనాడు కుడి, ఒకనాడు ఎడమ.
కడుపంతా నేరేడు పండ్లు చిదిమినట్టున్నది,
కొన్ని పచ్చబడ్డయి, కొన్ని ఇంకా నల్లగనే.

మొన్న దోసకాయ కోస్తుంటె వేలు తెగింది.
ఎంతకూ ఆగదు.
అత్తనే పసుపద్ది పట్టుకున్నది, గట్టిగ,
టీవీల సీరియలు అయిపోయేదాక.
పాలు, నీళ్ల మాట మళ్ల ఎత్తలే.

ఇయ్యాల కరెంటు లేదు.
ఫోను లైటుతోని సైదులు
మచ్చ లేని జాగ ఎతుకుతుండు.
ఇది ఆరో నెల. ఇంత దూరం
ఇంతకుముందు ఎవరూ రాలే.
దొరికింది, పక్క ఎముక దిక్కు, రూపాయంత.
ఒకటి, రెండు, మూడు
ఆరు కాడ అదే ఫోను మోగింది.
ఏఈ సారే అయ్యుంటడు,
తాగునీళ్లకు కాల్వ ఇడుస్తరని పొద్దటినుంచి మాట.
లెక్క తప్పింది. ఆయన చెయ్యి కదల్లే,
నా మొఖం దిక్కు చూసిండు.

మోగనియ్యి, అన్న.
మళ్ల ఒకటి కాడి నుంచి లెక్కపెట్టు.