జమ్మి కింద రెండు రాత్రులు

ఫారంలో ఒక గడి: కుటుంబ సభ్యులు ఎందరు?
రెండు అని రాసి, కొట్టేసి, మూడు అని రాశాను.
మళ్ళీ కొట్టేశాను.
తిమోతి అయ్యగారు కలం తీసుకుని
"నువ్వు ఎంతమందనుకుంటే అంతమందమ్మా" అన్నారు.
మూడు భోజనం చీటీలు ఇచ్చారు.

గురువారం సాయంత్రం రువిలో బస్సు.
మా మేడమ్ రెండు రోజులు సెలవిచ్చింది,
నాలుగు రోజుల ఇస్త్రీ ముందే చేయించుకుని.
జకరయ్య సోహార్ నుంచి దిగాడు,
చెవుల వెనక ఎంత కడిగినా పోని సిమెంటు చారతో,
చేతిలో ఆపిల్ పళ్ళ సంచితో.
పెళ్ళిచూపులకొచ్చినవాడిలా
పక్క సీటు వదిలేసి ఎదురు సీట్లో కూర్చున్నాడు.
ఒకే దేశంలో నాలుగేళ్ళు.
కలిసి తిన్న పూటలు వేళ్ళమీద లెక్క,
అవీ చర్చి మెట్ల మీద, పులిహోర పొట్లం విప్పుకుని.

అడవి అన్నారు.
బిదియా దాటి దిగి చూస్తే ఇసక.
ఇసకలో ఎడం ఎడంగా చెట్లు,
ఒకదానికొకటి బాకీ లేనట్టు నిలబడి.
"గాఫ్" అన్నాడు తోట కాసే బలూచీ ముసలాయన.
జకరయ్య రెబ్బ తుంచి, నలిపి, వాసన చూశాడు.
"గాఫేంటి, ఇది జమ్మి! ముల్లు చూడు. మన జమ్మే!"
అతను అంత గట్టిగా మాట్లాడ్డం
ఈ దేశంలో నేను వినలేదు.

ఆడవాళ్ళకో గుడారం, మగవాళ్ళకో గుడారం.
పైన బ్యానరు మీద పెద్దక్షరాల్లో: కుటుంబ కూటం.
నాకు నవ్వాగలేదు.
అమ్మగారు చూసి, నా భుజం మీద చెయ్యేసి,
తనూ నవ్వింది.

ఫోన్లు పాలపొడి డబ్బాలో వేయమన్నారు.
కంపెనీ కార్డులు మాత్రం మగవాళ్ళు కొమ్మకి తగిలించారు.
చిన్నప్పుడు బడిలో విన్నదే కదా,
అజ్ఞాతవాసం పోయేవాళ్ళు ఆయుధాలు జమ్మి మీద దాచడం.
"మరి మా ఆయుధాలో?" అంది మరియాంబ,
చీపురు పట్టీ పట్టీ కాయగాసిన అరచెయ్యి చూపించి.
దాన్ని ఏ కొమ్మకి తగిలించాలి?

డోలక్ మరిచిపోయి వచ్చారు, బకెట్ బోర్లించి దరువేశారు.
మెల్లగా పాడండి మెల్లగా, అంటూనే
అయ్యగారు అందరికన్నా పైస్థాయిలో పాడారు.
జనరేటరు ఆగాక
రెండు గుడారాల మధ్య చాప మీద
నేనూ అతనూ.
నాలుగేళ్ళు దాచుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.
అతను బూటు విప్పి ఇసక దులిపాడు.
నేను ఆపిల్ కోశాను.
తినేసి, రెండోది కూడా కొయ్యమన్నాడు.

శుక్రవారం ఐదింటికి నర్సాపురంలో వార్డెన్
కెజియాకి ఫోనిస్తుంది.
డబ్బాలోంచి మా ఫోను అడిగి తెచ్చుకున్నాం.
సిగ్నల్ తిన్నె పైనే అన్నాడు ముసలాయన.
రెండడుగులు ఎక్కితే ఒకడుగు జారుడు,
చెప్పులు చేత్తో పట్టుకుని, కొంగు నోట కరుచుకుని,
ఎక్కాం.
"బంగారం" అన్నాను నేను.
"అమ్మలూ" అన్నాడు అతను.
అవతల చప్పుడు లేదు.
తర్వాత చిన్న గొంతు, వణుకుతూ:
"ఇద్దరూ ఒక ఫోన్లో ఉన్నారేంటి?
ఏమయింది? ఎవరికేమయింది?"

ఏమీ కాలేదే తల్లీ, ఏమీ కాలేదు,
పిక్నిక్కి వచ్చాం, ఇక్కడ జమ్మిచెట్లున్నాయి,
నాన్న జారి పడ్డాడు చూడు, అన్నాను.
అతను నిజంగానే కూలబడ్డాడు,
నేను అబద్ధం ఆడకుండా.
"ఏదీ, ఇద్దరూ ఒకేసారి మాట్లాడండి" అంది.
ఏం మాట్లాడాలో తెలీక
ఒకటి నుంచి ఇరవై దాకా కలిసి లెక్కపెట్టాం.
పదమూడు దగ్గర అది నవ్వింది.

మూడో బిర్యానీ పొట్లం
బలూచీ ముసలాయన చేతిలో పెట్టాను.
ఎవరిదని అడగలేదు.

శనివారం, కొమ్మ మీద అన్ని కార్డులూ ఉన్నాయి,
జకరయ్యది లేదు.
ఒంటె పని. తాడు నమిలేసి
ఫొటో ఉన్న ముక్క ఇసకలో ఉమ్మేసింది.
దాన్ని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.
తుడవడానికి ఇంకేమీ లేకపోయినా తుడుస్తున్నాడు.
బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది.
నేను కూడా పిలవలేదు.