పితికిపప్పు

ధనుర్మాసం. పాకాల నుంచి వచ్చిన మూటలో
అనపకాయల మీద మంచు ఇంకా ఆరలేదు.
కిలో పరిశోధన లెక్కలోకి, అరకిలో కూరలోకి.
రసీదులు విడివిడిగా రాయించుకున్నాను.

మునెమ్మ మా ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి.
రాత్రంతా నానిన గింజని
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క నొక్కు:
తోలు చేతిలో, పప్పు గిన్నెలో.
నేను నొక్కితే ఎగిరి గోడకి తగులుతుంది.
"సదువుకున్న చేతులు గదమ్మా," అంటుంది, నవ్వదు.

ఆ పప్పుని ఎండబెట్టి, పొడిగొట్టి, కొవ్వు తీసి
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
గాజుబుడ్డిలో ఒక కడుపు కడతాను.
ముందు పెప్సిన్, తర్వాత ట్రిప్సిన్.
పొడుగాటి ప్రొటీన్ దండని అవి
తమకి తెలిసిన ముడుల దగ్గరే తెంచుతాయి.
రాలిన ముక్కల్లో ఒకటి, తొమ్మిది పూసలది,
కంప్యూటర్ తెర మీద
వైరస్ ముల్లు వచ్చి పట్టుకునే చోట
ముందే వెళ్లి కూర్చుంది,
రద్దీ బస్సులో కిటికీలోంచి
సీటు మీద తుండుగుడ్డ వేసినట్టు.

ఆ మాటే సెమినార్లో చెప్పాను.
మూడో రోజు జిల్లా పేజీలో అది ఇలా అయింది:
అనపగింజకి కరోనా హడల్!
నాలుగో రోజు తిరుపతి రైతుబజార్లో కిలో నూట అరవై.
బస్టాండు పక్కన ఒకాయన పచ్చటి సీసాల్లోంచి
అనప కషాయం పోస్తున్నాడు,
గ్లాసు ముప్పై, పిల్లలకి సగం.

బ్రష్ పక్కన పెట్టి మునెమ్మ అడిగింది:
"మా ఆయన పోయిన యెండాకాలం
పెద్దాసుపత్రిలో పన్నెండు దినాలు ఉండె.
దానికి ముందర చలికాలమంతా ఇదే తినె గదమ్మా,
సంగటిలోకి, రెండు పూట్లా.
దీనికి అప్పుడెందుకు తెలీకపాయె?"

నా దగ్గర జవాబుంది. సగం వాక్యం వరకే ఉంది.
గాజుబుడ్డి కడుపు కాదనీ,
నేను ఆపిన చోట అసలు కడుపు ఆగదనీ,
ఆ తొమ్మిది పూసల్నీ ఒక్కొక్కటిగా తెంపి
ఆకలికి ఇచ్చేస్తుందనీ,
తెర నుంచి గిన్నెకి, గిన్నె నుంచి ఎలుకకి,
ఎలుక నుంచి మనిషికి
మధ్యలో కాలిబాట లేని కొండలున్నాయనీ.
అలిపిరి మెట్లయితే కనీసం లెక్క తెలుసు.

"తెలీక కాదు మునెమ్మా, దాన్ని ఇంకా ఎవరూ పంపలేదు," అన్నాను.
అదీ పూర్తి నిజం కాదనిపించింది.

పత్రికకి ఫోన్ చేసి సవరణ వేయమన్నాను.
చిన్నగా వేస్తామన్నారు.
వేశారు, సినిమా హాళ్ల పట్టిక కింద.

రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
మైనస్ ఎనభై చలిలో ఆవగింజంత తెల్లటి పొడి,
నా ఊపిరి తగిలితే లేచిపోయేంత.
సీసా మీద నా చేతిరాత:
అ-9. ఇంకా ఏమీ కాదు.

మర్నాడు క్యారియర్ విప్పి
నేను వండిన పితికిపప్పు మునెమ్మకి వేశాను.
ఒక ముద్ద తీసుకుని, చాలాసేపు నమిలి,
"ఉప్పు చాల్లేదమ్మా," అంది.
రెండో ముద్ద కలుపుకుంది.